ఆ 0.3 ఎక్కడిది? – అల్యూమినియం, ఉక్కు, మధ్యలో మన ప్రాజెక్టులు

పోస్టు పెద్దదే. మెకానికల్, మెటలర్జీ, డిప్లొమా, ఐటీఐ పిల్లలు ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మిగతా బ్రాంచిల వాళ్ళు కూడా చదవొచ్చు. గారెలు తిన్నవాళ్ళందరికీ అర్థమయ్యేలాగే రాశాం.

ఫైనలియర్ వైవా రోజున మేం నలుగురం రంగురంగుల బొమ్మలతో ఉన్న రిపోర్టు పట్టుకుని నిలబడ్డాం. ప్రాజెక్టు పేరు పెద్దది: అల్యూమినియం మిశ్రమలోహాన్ని వేడి చేసి ఉక్కు డైల మధ్య నొక్కడం, దాని సిమ్యులేషన్. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు. "అమ్మా, ఈ ఘర్షణ విలువ 0.3 అని వేశారు. ఎక్కడిది ఇది?" అని అడిగారు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఖాళీగా ఉంచితే ముందుకు పోదు. సీనియర్ల రిపోర్టులో 0.3 ఉంది, వాళ్ళ సీనియర్ల రిపోర్టులోనూ 0.3 ఉంది, మేమూ 0.3 వేశాం. ఆ మాట పైకి చెప్పలేక "లిటరేచర్ నుంచి సార్" అన్నాం. ఆయన తిట్టలేదు. "కొలిచి ఉంటే బాగుండేది" అని మాత్రం అని మార్కులు వేసి వెళ్ళిపోయారు. పాస్ అయ్యాం కానీ ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు.

ఈ పోస్టులో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. అల్యూమినియానికీ ఉక్కుకీ మధ్య ఘర్షణ పుస్తకంలోంచి ఎత్తి రాసుకునే అంకె కాదు, కొలవాల్సిన అంకె. దాన్ని కొలవడం కోట్ల రూపాయల ల్యాబ్ ఉంటే తప్ప కాని పని కూడా కాదు. మన పిల్లల చేత ఆ పని చేయించకుండా "మీకు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చాల్లే" అని పక్కన కూర్చోబెట్టడం తప్పు. ఆ మాటకి మనం తలూపడం ఇంకా పెద్ద తప్పు.

ముందు విషయం ఏమిటో చూద్దాం.

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరగనివ్వకుండా, మిశ్రమాన్ని బట్టి సుమారు 350 నుంచి 500 డిగ్రీల మధ్య వేడి చేస్తే మెత్తబడుతుంది. ఆ వేడి మీద ఉక్కు డైల మధ్య పెట్టి నొక్కితే కారు సస్పెన్షన్ భాగమో, విమానంలో వాడే బ్రాకెట్టో తయారవుతుంది. నొక్కినప్పుడు లోహం డై మీద జారుతూ మూలమూలకీ వెళ్ళాలి. జారకుండా ఘర్షణ అడ్డం పడితే మూలలు నిండవు, అంచుల్లోంచి పలచటి రేకులాగా బయటికి కారిపోయేది ఎక్కువవుతుంది. షాపులో దాన్ని ఫ్లాష్ అంటారు, కోసి తుక్కులో వేస్తారు. పైగా ప్రెస్ మీద బరువు పెరుగుతుంది, డై త్వరగా అరుగుతుంది.

ఎంత పెరుగుతుందో ఒక చిన్న లెక్క చూడండి. 100 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న గుండ్రటి బిళ్ళ తీసుకుందాం. ఆ వేడిలో దాని బలం 40 మెగాపాస్కల్ అనుకుందాం. క్లాసులో చెప్పే మామూలు స్లాబ్ సూత్రంలో ఘర్షణ 0.3 వేస్తే సుమారు 50 టన్నుల ప్రెస్ కావాలని వస్తుంది. 0.7 వేస్తే 75 టన్నులు వస్తుంది. లోహమూ అదే, బిళ్ళా అదే, గడిలో వేసిన అంకె ఒక్కటే మారింది. 60 టన్నుల ప్రెస్ కొని కూర్చున్న చిన్న ఫ్యాక్టరీ ఓనర్ని అడగండి, ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంతో ఆయన చెబుతాడు.

సరే, ఇంటర్‌లో చదువుకున్న ఘర్షణ గుణకం ఉంది కదా, అది వేసేస్తే పోదా అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది.

అమోంటాన్ 1699లో చెప్పినదీ, కూలుంబ్ 1785లో ఇంకా వివరంగా రాసినదీ మనం చదువుకున్నాం. ఘర్షణ బలం నొక్కుడు బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బల్ల మీద చెక్కదిమ్మ లాగేటప్పుడు ఈ సూత్రం బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే చెక్కదిమ్మ బల్లని అక్కడక్కడా ఎత్తైన చోట్ల మాత్రమే తాకుతుంది. ఇంకా నొక్కితే ఇంకొన్ని చోట్ల తాకుతుంది, ఘర్షణ పెరుగుతుంది. వేడి అల్యూమినియాన్ని ఉక్కు మధ్య గట్టిగా నొక్కితే అది ముద్దలాగా డై ఉపరితలం గుంటల్లోకంతా దిగిపోతుంది. తాకాల్సిన చోటల్లా తాకేశాక ఇంకెంత నొక్కినా ఘర్షణ పెరగడానికి చోటు లేదు.

దీన్ని లెక్కలో చూపిస్తాం. లోహం తనలో తాను కోసుకుపోవడానికి పట్టే బలం, అంటే షియర్ బలం, దాని మామూలు బలంలో దాదాపు 0.577 వంతు. ఇప్పుడు డై మీద పీడనం లోహం బలానికి మూడు రెట్లు ఉందనుకోండి. వేడి పనిలో ఇది అరుదేమీ కాదు. ఘర్షణ గుణకం 0.3 అంటే ఘర్షణ ప్రతిబలం లోహం బలంలో 0.9 వంతు కావాలి. కానీ 0.577 దగ్గరే లోహం తనలో తాను తెగిపోతుంది! పై పొర డైకి అతుక్కుని ఉండిపోతుంది, లోపలి లోహం జారుతుంది. అంటే కూలుంబ్ సూత్రం అక్కడ చెప్పేది అసలు జరగని పని.

అందుకే వేడి పనిలో ఇంకో కొలత వాడతారు. దాన్ని షియర్ ఘర్షణ కారకం అంటారు, ఎం అనే అక్షరంతో రాస్తారు. అది సున్నా అయితే అసలు ఘర్షణ లేదు, 1 అయితే పూర్తిగా అతుక్కుంది. మ్యూ వేరు, ఎం వేరు. పీడనం లోహం బలానికి సమానంగా ఉన్నచోట ఎం 0.3 అంటే మ్యూ సుమారు 0.17. మా రిపోర్టులో మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒకళ్ళ పేపర్లో ఎం అని ఉన్న 0.3ని తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో మ్యూ గడిలో వేశాం. ఎగ్జామినర్ గారు అంతదాకా తవ్వలేదు కాబట్టి బతికిపోయాం. మీరు ఇప్పుడే మీ రిపోర్టు తెరిచి ఆ గడి పేరేమిటో చూసుకోండి.

ఇక అల్యూమినియం, ఉక్కు జంట సంగతి. ఈ రెండూ కలిస్తే తగువే. అల్యూమినియం మీద ఎప్పుడూ సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. అది చాలా గట్టిది, 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కింద ఉన్న లోహమేమో మెత్తన. నొక్కినప్పుడు బిళ్ళ సాగుతుంది, పైనున్న గట్టి పొర సాగలేక పగుళ్ళు తీస్తుంది, ఆ పగుళ్ళలోంచి తాజా లోహం వచ్చి ఉక్కుని తాకుతుంది. తాజా అల్యూమినియానికి ఉక్కు అంటే మహా ప్రీతి, వెంటనే అంటుకుంటుంది. మధ్యలో గ్రాఫైట్ లాంటి కందెన ఉంటే కొంత ఆపుతుంది. కందెన తెగినచోట అంటుకున్న ముక్క డై మీదే ఉండిపోయి, తర్వాత వచ్చే బిళ్ళని గీరుతుంది. అంటే మొదటి బిళ్ళకి ఉన్న ఘర్షణ పదో బిళ్ళకి ఉండదు. వేడి మారితే మారుతుంది, డై నునుపు మారితే మారుతుంది, కందెన ఎంత పూశామన్న దాన్ని బట్టి మారుతుంది. ఇన్ని రకాలుగా మారేదానికి మూడు తరాల విద్యార్థులు ఒకే 0.3 రాసుకుంటూ వచ్చారు!

ఇక్కడ మా మనసుకి పట్టిన విషయం ఒకటి చెప్పాలి. కిటికీ ఫ్రేములు తీసే ఎక్స్‌ట్రూజన్ ఫ్యాక్టరీల్లో ఉక్కు డైకి అంటుకున్న అల్యూమినియాన్ని వదిలించడానికి డైని వేడి కాస్టిక్ సోడాలో ముంచుతారు. అల్యూమినియం కరిగిపోతుంది, ఉక్కు మిగులుతుంది. బాక్సైట్ మట్టిలోంచి అల్యూమినాని కరిగించి బయటికి తీసే బేయర్ పద్ధతిలోనూ వాడేది అదే కాస్టిక్ సోడా. కొండలోంచి తీసేటప్పుడూ అదే, డై మీద నుంచి వదిలించేటప్పుడూ అదే. గాలికొండ, జెర్రెల, సప్పర్ల పేర్లు వింటూ పెరిగినవాళ్ళం. ఆ ఎర్రమట్టి గురించి ఎన్నో సభల్లో కూర్చున్నాం. దాని లోపలి కెమిస్ట్రీ ఇలా ఫ్యాక్టరీ మూలన డై కడిగే తొట్టిలో ఎదురవుతుందని ఎవరూ చెప్పలేదు.

మరి ఈ ఘర్షణని కొలిచేది ఎలా? దీనికి గారె చాలు.

గారెకి మధ్యలో చిల్లు ఉంటుంది కదా. పిండి ముద్దకి చిల్లు పెట్టి రెండు పళ్ళేల మధ్య నొక్కారనుకోండి. పళ్ళేలకి బాగా నూనె రాసి ఉంటే పిండి మొత్తం బయటికే జారుతుంది, చిల్లు పెద్దదవుతుంది. పళ్ళేలు పొడిగా గరుకుగా ఉంటే బయటి పిండి బయటికి పోతుంది గానీ లోపలి పిండి అంత దూరం జారలేక మధ్యలోకి వస్తుంది, చిల్లు ముడుచుకుంటుంది. చిల్లు ఎంత మారిందో చూస్తే ఘర్షణ ఎంతో తెలుస్తుంది. ఇదే రింగ్ కంప్రెషన్ పరీక్ష. మేల్, కాక్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు 1960ల మధ్యలో దీన్ని కొలతగా స్థిరపరిచారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

రింగు కొలతలు సాధారణంగా 6:3:2 నిష్పత్తిలో తీసుకుంటారు. బయటి వ్యాసం 30 మి.మీ. అయితే చిల్లు 15 మి.మీ., ఎత్తు 10 మి.మీ. దాన్ని సగానికి, అంటే 5 మి.మీ. ఎత్తుకి నొక్కామనుకోండి. ఘర్షణ అసలు లేకపోతే చిల్లు 15 నుంచి 21.2 మి.మీ. అవుతుంది, బయటి వ్యాసం 42.4 అవుతుంది. లోహం ఘనపరిమాణం మారదు కాబట్టి ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. ఘర్షణ కొంచెం ఉంటే చిల్లు దాదాపు అలాగే ఉంటుంది. ఎక్కువైతే ముడుచుకుంటుంది. అతుక్కుపోయే స్థితిలో బాగా మూసుకుపోతుంది. ఎత్తు ఎంత శాతం తగ్గింది, చిల్లు ఎంత శాతం మారింది అన్న రెండు అంకెలు తీసుకెళ్ళి పుస్తకంలో ఉండే గ్రాఫు మీద పెడితే ఎం విలువ వస్తుంది.

ఇందులో గొప్పతనం ఏమిటంటే బలం కొలవక్కర్లేదు. ఆ వేడిలో లోహం బలం ఎంతో తెలియకపోయినా పెద్దగా పర్వాలేదు. సెన్సర్లు అక్కర్లేదు. లేత్ మీద రింగులు తీయాలి, వేడి చేయాలి, నొక్కాలి, చల్లారాక వెర్నియర్‌తో కొలవాలి. ముందూ చల్లగానే కొలుస్తాం, తర్వాతా చల్లగానే కొలుస్తాం కాబట్టి వేడికి సాగే తేడా కూడా అడ్డం రాదు. వేడి చేయడానికి చాలా కాలేజీల్లో మఫిల్ ఫర్నేస్ ఉంటుంది. నొక్కడానికి యూటీఎం ఉంటుంది. మేం చెప్పిన సైజు రింగుకి పది టన్నుల లోపే సరిపోతుందని మా లెక్క. 40 టన్నుల మిషన్ ఉన్నచోట ఇది ఒక లెక్కలోది కాదు.

వైవా అయిపోయాక, సర్టిఫికెట్లు రావడానికి ఇంకా టైం ఉండగా, మేం ఈ పని మొదలుపెట్టాం. మార్కుల కోసం కాదు, ఆ ప్రశ్న కోసం. లేత్ దగ్గరుండే అన్న తన టిఫిన్ టైంలో మాకు రింగులు తీసి పెట్టాడు. ఆయన రుణం తీరదు.

మొదటి రోజు అన్నీ పాడయ్యాయి. రింగుని ఫర్నేస్‌లో 450 డిగ్రీలకి పెట్టాం, పట్టకారుతో తీసి యూటీఎం దాకా పరిగెత్తాం, చల్లటి ఉక్కు పలకల మీద పెట్టాం. యూటీఎం నెమ్మదిగా దిగుతుంది. అది దిగేలోపు రింగు చల్లారిపోయింది. అల్యూమినియం వేడిని చాలా త్వరగా వదిలేస్తుంది. మేం కొలిచింది వేడి ఘర్షణ కాదు, సగం చల్లారిన ఘర్షణ. తర్వాత ఉక్కు పలకల్ని కూడా రింగుతో పాటే వేడి చేసి, రింగుని వాటి మధ్య పెట్టి మొత్తం ఒక్కసారే మిషన్ మీదికి తెచ్చాం. మిషన్‌కి వేడి తగలకుండా పైనా కిందా సిరామిక్ పలకలు పెట్టాం. అప్పుడు కుదిరింది.

రెండో పాఠం వేడి ఎంతో తెలుసుకోవడం. మన ఊళ్ళలో కొలిమి పెట్టే కమ్మర పెద్దల్ని చూశాం. ఇనుము ఎరుపు చూసి, నారింజ రంగు చూసి దాగలి మీద పెడతారు. కమ్మర మన ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో ఉన్న తెగే. ఆ కంటి చూపు తరతరాల విద్య. కానీ అల్యూమినియం 450 డిగ్రీల దగ్గర కూడా ఎర్రబడదు. చల్లగా ఉన్నట్టే తెల్లగా కనిపిస్తుంది, ముట్టుకుంటే చెయ్యి పోతుంది. అందుకే థర్మోకపుల్ తప్పనిసరి. వర్క్‌షాపుల్లో పాతవాళ్ళు సబ్బు రాసి, అది నల్లబడితే వేడెక్కినట్టు గుర్తు అంటారు. అది ఉజ్జాయింపుకి మాత్రమే, రిపోర్టులో రాసే కొలతకి పనికిరాదు.

మూడో పాఠం కడగడం. పొడిగా నొక్కిన రింగు చిల్లు బాగా ముడుచుకుంది. గ్రాఫైట్ పూసినది కొంచెమే ముడుచుకుంది. అనుకున్నట్టే వచ్చింది కదా అని సంబరపడ్డాం. మర్నాడు అవే పలకల మీద మళ్ళీ గ్రాఫైట్ రింగు పెడితే ఫలితం వేరేగా వచ్చింది. పలక మీద వేలు పెట్టి చూస్తే నిన్నటి పొడి రింగు తాలూకు అల్యూమినియం మచ్చలు తగిలాయి. ఆ అంటుకున్నదే ఘర్షణని మార్చింది. పలకలు ప్రతిసారీ శుభ్రం చేసి, ఒకే నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, ఒకేలా గ్రాఫైట్ పూస్తే గానీ అంకెలు ఒకదానికొకటి దగ్గరికి రాలేదు. అంకె కన్నా, అంకె చుట్టూ రాయాల్సిన షరతులే ఎక్కువని అప్పుడు అర్థమైంది. చిల్లు కూడా గుండ్రంగా నిటారుగా ఉండదు, మధ్యలో ఉబ్బుతుంది. పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలిచి సగటు తీయాలి.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. రింగు పరీక్ష సర్వరోగ నివారిణి కాదు. రింగులో లోహం జారే దూరం తక్కువ, కొత్తగా బయటపడే ఉపరితలం తక్కువ. లోతైన అచ్చులోకి లోహాన్ని తోసే పనిలో రెండూ చాలా ఎక్కువ. అందుకే అలాంటి పనులకి డబుల్ కప్ ఎక్స్‌ట్రూజన్ లాంటి పరీక్షలు వాడతారు. రెండు వైపులా పంచ్ పెట్టి నొక్కి, పైన ఏర్పడ్డ కప్పు ఎత్తుకీ కింద కప్పు ఎత్తుకీ తేడా చూస్తారు. రేకుల పనికి, వేడి రేకుని డైల మధ్యనుంచి లాగి చూసే పరీక్షలున్నాయి. కిటికీ సెక్షన్ల ఎక్స్‌ట్రూజన్‌లో సాధారణంగా కందెనే వాడరు, గోడకి లోహం అతుక్కుందనే లెక్క వేస్తారు. రోలింగ్‌లోనైతే ఘర్షణ లేకపోతే రోలర్లు దిమ్మెని లోపలికి లాక్కోలేవు. అక్కడ ఘర్షణ కావాల్సిందే. కాబట్టి "ఘర్షణ ఎంత" అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే చాలదు. ఏ పనిలో, ఎంత వేడిలో, ఏ కందెనతో అని కూడా అడగాలి. పరీక్ష అసలు పనికి ఎంత దగ్గరగా ఉంటే అంకె అంత నమ్మదగింది.

ఇప్పుడు గ్రూపులో తప్పకుండా వచ్చే ప్రశ్నకి వద్దాం. మేం ఈ పని చేస్తున్నామని తెలిసి మా వాళ్ళలోనే కొందరు అన్నారు: "బాక్సైట్ వద్దని కొట్లాడుతున్నాం. మీరేమో అల్యూమినియం ఎలా నొక్కాలో నేర్చుకుంటున్నారు. ఎవరి కోసం?"

ఈ ప్రశ్నని మేం కొట్టిపారేయడం లేదు. అనంతగిరి మండలంలో మొదలైన పోరాటం వల్లే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు నీడలోనే మనం చదువుకుంటున్నాం. ఘర్షణ కొలిస్తే కొండలు మిగిలిపోతాయని మేం అబద్ధం చెప్పం. తుక్కు తగ్గించినంత మాత్రాన తవ్వకం ఆగదు.

కానీ వద్దనడానికైనా, కావాలనడానికైనా తెలిసి ఉండాలి కదా. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ కావాలి, ఎంతో కరెంటు కావాలి. అదే పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే కొత్తగా తీయడానికయ్యే శక్తిలో దాదాపు 5 శాతమే చాలు. ఈ లోహం ఎక్కడ వృథా అవుతోంది, ఎంత మిగల్చొచ్చు అన్న ప్రశ్నలు అడగగలిగేది లోహాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ళే. ఇన్నాళ్ళూ మన ఎర్రమట్టి గురించిన లెక్కలన్నీ వేరేవాళ్ళు వేశారు. గ్రామసభలో ఇంజనీరు వచ్చి అంకెలు చదివితే మన పెద్దలు వింటూ కూర్చున్నారు. "ఆ అంకె ఎక్కడిది? ఎలా కొలిచారు?" అని అడిగే పిల్ల మన ఊళ్ళోంచే లేస్తే అది చిన్న విషయమా? మా వరకు మాకు వైవాలో ఆ ఎగ్జామినర్ గారు నేర్పింది అదే ప్రశ్న.

ఇక ల్యాబుల సంగతి. పేర్లు రాయం, రాయాల్సిన అవసరం లేదు, మీలో చాలామందికి మీ కాలేజీయే గుర్తొస్తుంది. ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు మేం మొదట అడిగింది ప్రయోగమే. "మీకెందుకమ్మా రిస్కు, సాఫ్ట్‌వేర్‌లో చేసేయండి, పాస్ చేయిస్తాం" అన్నారు. మాట మెత్తగానే ఉంది. అదే క్లాసులో వేరే టీముకి ల్యాబు తాళం ఇచ్చారు. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చారు, ఇంగ్లీషు అంతంత మాత్రం, వీళ్ళ వల్ల ఎక్కడవుతుందని ఒక అంచనా వేసేశారు. మమ్మల్ని పరీక్షించి వేసిన అంచనా కాదు. ముందు బ్యాచి మీద వేసిందే మా మీదా వేశారు. మేం గడిలో 0.3 వేసినట్టే, మా మీద కూడా ఎవరో కొలవకుండా ఒక అంకె వేసేశారు.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెబుతాం. ల్యాబు ఇన్‌ఛార్జి భయం ఉత్తుత్తిది కాదు. వేడి తగిలి యూటీఎం పాడైతే ఆయన జవాబు చెప్పుకోవాలి. ఎవరికైనా చెయ్యి కాలితే ఇంకా పెద్ద గొడవ. దానికి మందు తాళం వేయడం కాదు. సిరామిక్ పలకలు, చేతి తొడుగులు, పక్కన ఒక మనిషి. మేం కాగితం మీద మొత్తం పద్ధతి రాసి, ఏం తేడా వస్తే ఏం చేస్తామో రాసి తీసుకెళ్ళి చూపించాకే ఆయన ఒప్పుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆయనే వచ్చి రింగులు తిప్పి చూశారు.

అందుకని మా మాటలు ఇవి.

ఒకటి, జూనియర్లకి. సిమ్యులేషన్ చేయొద్దని అనడం లేదు. చేయండి. కానీ అందులో వేసే ప్రతి అంకె పక్కన "కొలిచాం", "ఫలానా చోట నుంచి తీసుకున్నాం", "ఊహించాం" అని మూడింటిలో ఒకటి రాయండి. ఊహించామని రాయడం సిగ్గు కాదు. ఊహించి, కొలిచినట్టు నటించడమే సిగ్గు. ఊహిస్తే 0.1 నుంచి 0.7 దాకా మార్చి చూసి ఫలితం ఎంత మారుతుందో చూపించండి.

రెండు, ప్రాజెక్టు కోసం రింగు పరీక్ష అడగండి. అడిగేటప్పుడు చేతిలో రాతపూర్వకంగా పద్ధతి ఉండాలి, జాగ్రత్తల జాబితా ఉండాలి. ఉత్తి చేతులతో వెళ్తే ఉత్తి మాటే వస్తుంది.

మూడు, ఐటీడీఏ అధికారులకి, గురుకులాల వారికి. కోచింగ్ మెటీరియల్ ఇస్తున్నారు, సంతోషం. మన పాలిటెక్నిక్‌లకి, ఐటీఐలకి ఒక మఫిల్ ఫర్నేస్, రెండు థర్మోకపుల్స్, మంచి వెర్నియర్లు ఇప్పించండి. వాటిని నడిపే మనిషిని కూడా వేయండి. మనిషి లేని మిషన్ మీద దుమ్మే మిగులుతుంది.

నాలుగు, ఉద్యోగాల్లో ఉన్న సీనియర్ అన్నలకి, అక్కలకి. ఫోర్జింగ్ షాపుల్లో, ఎక్స్‌ట్రూజన్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు మన గ్రూపులో ఉన్నారు. అక్కడ ఏ కందెన వాడతారు, డై ఎంత వేడిలో పెడతారు, ఎన్ని ముక్కలకి ఒకసారి కడుగుతారు అన్నది కంపెనీ రహస్యాలు కాని మేరకు పిల్లలకి చెప్పండి. పుస్తకంలో దొరకనిది మీ దగ్గరుంది.

ల్యాబు దొరకనివాళ్ళు ఇంట్లోనే మొదలుపెట్టండి. పిల్లలు ఆడుకునే క్లే పది రూపాయలకి దొరుకుతుంది. రింగు పరీక్షని పిల్లల ఆట అనుకోకండి, లోహం ప్రవహించే తీరు చూడటానికి పరిశోధకులు కూడా ఇలాంటి మెత్తటి ముద్దలే వాడారు. 6:3:2 కొలతల్లో రెండు రింగులు చేయండి. ఒకటి నూనె రాసిన రెండు అద్దం ముక్కల మధ్య పెట్టండి, ఇంకోటి సుద్దపొడి చల్లిన ముక్కల మధ్య పెట్టండి. అంచులు గీసుకోకుండా గుడ్డ చుట్టుకోండి. రెండింటినీ ఒకే ఎత్తుకి నొక్కండి. స్కేలు పెట్టి చిల్లు కొలవండి. ఫొటో తీసి, కొలతలు రాసి ఈ పోస్టు కింద పెట్టండి. ఎవరి రింగు ఎంత ముడుచుకుందో అందరం చూద్దాం. తేడాగా వచ్చినా పర్వాలేదు, మావీ మొదటిరోజు అన్నీ పాడయ్యాయి.

మా రింగులు ఇప్పటికీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. ఒక్కోదాని మీద వేడి, కందెన, తేదీ గీసి ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా "ఎక్కడిది ఈ అంకె?" అని అడిగితే డబ్బా మూత తీసి చూపిస్తాం.

జై ఆదివాసీ.